ఆంఖెగ్‌ను బల్ల మీదికి తెచ్చే ముందు

పాచికలు వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మూడో లెవెల్ ఆటగాళ్ళు నలుగురి మీదికి ఒక ఆంఖెగ్‌ను, అంటే మట్టిలో పొంచి ఉండే పెద్ద పురుగును, వదిలితే రెండు రౌండ్లలో చచ్చిపోయిందనీ, పెద్ద పురుగులంటే మీ బల్ల దగ్గర ఎవరికీ భయం కలగడం లేదనీ, దాని హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె) రెట్టింపు చేస్తే ఫలితం ఉంటుందా అనీ అడిగారు. చేయవద్దనే చెబుతాను, ఎందుకంటే నేను చేసి చూశాను. హైదరాబాదులో మిత్రులతో కలిసి ఆరేళ్ళుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌ను 2014 నాటి నియమాలతో నడుపుతున్నాను. మొదటి ఏడాది మీకు ఎదురైన ఇబ్బందే ఎదురైతే, ఆంఖెగ్‌కు పుస్తకంలో ఉన్న 39 హిట్ పాయింట్లను 80 చేశాను. అప్పుడు రెండు రౌండ్ల విసుగు కాస్తా ఐదు రౌండ్లు సాగింది. నాలుగో రౌండులో ఒక ఆటగాడు చాయ్ పెట్టడానికి లేచి, “నా వంతు వస్తే మీరే పాచిక వేసేయండి, తగిలితే చెప్పండి” అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

తరువాత ఆలోచిస్తే తెలిసింది, నేను ఆంఖెగ్‌ను ఆరు కాళ్ళున్న ఎలుగుబంటిలా ఆడించాను. అది అరిచింది, పొడిచిన వాడి మీద పగబట్టింది, చచ్చేదాకా నిలబడి పోరాడింది. పురుగుకు పగ ఎక్కడిది? దానికి ఉండేది ఆకలి, ఆ ఆకలిని తీర్చుకోవడానికి పనికొచ్చే ఒకటి రెండు ఇంద్రియాలు, అంతే. ఆ పురుగు దేనిని పసిగడుతుందో, దేనిని అసలు పట్టించుకోదో ఆట నడిపే డంజన్ మాస్టర్‌కు స్పష్టంగా తెలిస్తే, అంకెలు ఒక్కటి కూడా మార్చకుండానే ఆట మారిపోతుంది.

చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో, వాన తడవని చూరు కింద మెత్తని దుమ్ములో గరాటుల్లాంటి చిన్న చిన్న గుంటలు ఉండేవి. వాటిలో ఒక చీమను వేస్తే, అది గట్టెక్కబోయిన ప్రతిసారీ కాళ్ళ కింద దుమ్ము జారేది. ఆ జారిన రేణువుల కదలికను బట్టి అడుగున దాక్కున్న పురుగు తల విదిల్చి చీమ మీదికి ఇంకా దుమ్ము చిమ్మేది. కాసేపటికి రెండు కొండీలు మాత్రం పైకి వచ్చి చీమను పట్టుకుని కిందికి లాగేసుకునేవి. పురుగు ఒళ్ళు మాకు ఎప్పుడూ కనిపించేది కాదు. ఆంఖెగ్‌ను మళ్ళీ ఆడించబోతూ పుస్తకం తెరిచినప్పుడు నాకు ఆ గుంటే గుర్తుకు వచ్చింది, ఎందుకంటే అందులో రాసి ఉన్నది దాదాపు ఇదే: అది మట్టిలో పొంచి ఉండి పైన నడిచేవారి అలికిడిని పసిగడుతుంది, 60 అడుగుల దాకా ట్రెమర్‌సెన్స్ (నేల అదురును పసిగట్టే శక్తి) ఉంది, పైకి లేచి కొండీలతో పట్టుకుంటుంది.

అందుచేత రెండోసారి బల్ల మీద ఆంఖెగ్ మినియేచర్ బొమ్మను పెట్టనే లేదు. దున్నిన చేను గీసిన మ్యాట్ పరిచి, ముందుగా జాడలు మాత్రమే చూపించాను: ఒక చాలులో మట్టి లోపలి నుంచి పైకి పొంగి ఉంది, కాడి సగం కరిగి నున్నగా అయిపోయి పడి ఉంది, ఎద్దు లేదు. ఆ తరువాత ప్రతి ఆటగాడినీ ఒకే ప్రశ్న అడిగాను: “మీరు నడుస్తున్నారా, నిలబడి ఉన్నారా?” మూడోసారి అడిగేసరికి బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. కదలని వాడు దానికి తెలియడన్నది ట్రెమర్‌సెన్స్ నియమం నుంచి నేను తీసిన అర్థం. ఆ సంగతి నేను చెప్పలేదు, వాళ్ళ గాడిద బెదిరి పరిగెత్తి, పది గజాల అవతల మట్టిలోకి మాయమయ్యాక వాళ్ళే పసిగట్టారు. ఆపైన రోగ్ (దొంగ) పాత్ర ఆడుతున్న అమ్మాయి దూరంగా రాళ్ళు విసురుతూ దాన్ని అటు మళ్ళించడం మొదలుపెట్టింది. పోరాటం నలభై నిమిషాలు సాగింది, హిట్ పాయింట్లు మాత్రం అవే 39.

ఆమ్లం చిమ్మే దాడిని కూడా తొందరపడి వాడకండి. ఎవరినైనా కొండీల్లో పట్టుకుని ఉండగా అది చిమ్మలేదని నియమం. తొలినాటి ఎడిషన్‌లోనైతే ఆరు గంటలకు ఒక్కసారే చిమ్మగలిగేది, ఎందుకంటే అది దాని జీర్ణరసం. చిమ్మేస్తే తిన్నది అరగదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడే చిమ్మనివ్వండి, ఆ వెంటనే పారిపోనివ్వండి. పారిపోయిన పురుగు మళ్ళీ ఎక్కడ లేస్తుందో అన్న బెంగ ఆ సాయంత్రమంతా ఉంటుంది.

అంకెలతో భయం రాదనడానికి పెద్ద జెర్రి మరో సాక్ష్యం. దానికి ఉన్నవి 4 హిట్ పాయింట్లు, కానీ విషం నుంచి తప్పించుకోవడానికి వేసే పాచిక (సేవింగ్ త్రో) తప్పితే మూడు పాచికల మీద వచ్చినంత దెబ్బ పడుతుంది. మొదటి లెవెల్ మంత్రగాడు గంటసేపు కట్టెలా పడి ఉండటానికి అది చాలు.

రస్ట్ మాన్‌స్టర్‌ది ఇంకో దారి. 1975లో గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంతో ఆటలోకి వచ్చిన ఈ ప్రాణికి మూలం, ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ చవక దుకాణంలో కొన్న హాంకాంగ్ తయారీ ప్లాస్టిక్ బొమ్మ. తోక చివర ఫ్యాన్ రెక్కలాంటిది ఉన్న ఆ బొమ్మను చూసి ఇంత మంచి ఊహ చేసినందుకు ఆయనకు దండం పెట్టాలి. దానికి మనుషుల మాంసం అక్కర్లేదు, ఇనుము కావాలి. నిలువెల్లా ఉక్కు కవచం తొడుక్కున్న యోధుడు దాని కళ్ళకు భోజనం, నారబట్టల మాంక్ (సన్యాసి యోధుడు) ఒక అడ్డు మాత్రమే. మా ఆటలో డ్రాగన్‌కు వెరవని యోధుడు దీన్ని చూసి చెట్టెక్కాడు. చివరికి మేకుల సంచీ కుమ్మరించి బయటపడ్డారు.

ఇంత పెద్ద పురుగులు నిజంగా ఉండలేవు కదా అని మీ వాళ్ళలో ఒకరు తప్పక అంటారు. నిజమే, పొడవు రెట్టింపైతే కాళ్ళ బలం నాలుగు రెట్లు, బరువు ఎనిమిది రెట్లు పెరుగుతాయి. పైగా పురుగులు ఊపిరితిత్తులు లేకుండా సన్నని గొట్టాల ద్వారానే గాలి పీలుస్తాయి. అయితే సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట రోకలిబండల జాతికి చెందిన ఆర్థ్రోప్లూరా రెండున్నర మీటర్ల దాకా పెరిగిందని చెప్పండి. అప్పటికీ వాదిస్తే, డ్రాగన్ ఎలా ఎగురుతోందని అడగండి.

చివరగా, మీరు తరువాతి సెషన్‌లో వాడుకోదగినది ఒకటి. పురుగు పెరగాలంటే పెంకు విడవాలి. కొత్తగా పెంకు విడిచిన బొద్దింక తెల్లగా, మెత్తగా ఉండటం ఇంట్లో చూసే ఉంటారు. మా వాళ్ళు సొరంగంలోకి దిగినప్పుడు దివిటీ వెలుగులో ఆంఖెగ్ కదలకుండా నిలబడి కనిపించింది. యోధుడు ఊపిరి బిగబట్టి వెళ్ళి కత్తి దించితే, పటక్కున ఎండుటాకు విరిగిన చప్పుడుతో పిడి దాకా దిగిపోయింది. లోపల ఏమీ లేదు. అసలుది అక్కడికి పదిహేను అడుగుల దూరంలో, ఇంకా మెత్తగా ఉన్న ఒంటితో మట్టిలో ముడుచుకుని ఉంది. దాని ఆర్మర్ క్లాస్‌ను (దానికి దెబ్బ తగిలించడం ఎంత కష్టమో చెప్పే అంకెను) 14 నుంచి 11కు తగ్గించాను, అయినా ఆ రాత్రి ఎవరూ చాయ్ కోసం లేవలేదు.