ఫ్రేము అమ్మితే కాపీ హక్కు కూడా పోయినట్టేనా?

ప్రశ్న: మాది మదనపల్లె. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. సెలవుల్లో తీసిన ప్రకృతి దృశ్యాల ఫొటోలను ప్రింట్ వేయించి, ముక్కలుగా కత్తిరించి, బోర్డు మీద అతికించి కొలాజ్‌లు చేస్తాను. గండికోట లోయతో చేసిన ఒకదాన్ని చిత్రసంతెలో ఒక ఇంటీరియర్ డిజైనర్ 18 వేలకు కొన్నారు. ఇప్పుడు దాన్నే స్కాన్ చేసి ఒక హోటల్ గదులన్నింటికీ వాల్‌పేపర్‌గా వేశారు. నా సంతకం ఉన్న మూల కత్తిరించేశారు. అడిగితే "డబ్బిచ్చి కొన్నాం, మా ఇష్టం" అంటున్నారు. అమ్మినప్పుడు వాట్సాప్‌లో "ఎలా కావాలంటే అలా పెట్టుకోండి" అని నేనే రాశాను. ఇంకో టెన్షన్: అందులో పై వరస మేఘాలు మా కొలీగ్ తీసిన ఫొటోలు. కేసు వేయవచ్చా? వాళ్లు దాన్ని ఎక్కువ ధరకు అమ్ముకుంటే నాకు వాటా వస్తుందా?

జవాబు: వేయవచ్చమ్మా. అయితే హోటల్‌కు నోటీసు పంపేముందు మీ కొలీగ్ దగ్గర ఒక కాగితం రాయించుకోండి. అవతలి లాయర్ మొదట వేలు పెట్టేది ఆ మేఘాల మీదే.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో కళాకృతే. దానికి కళాత్మక విలువ ఉందా లేదా అని చట్టం చూడదు. హక్కు సాధారణంగా ఫొటో తీసినవారిది. ఆ ముక్కలను ఎంచి, కోసి, పొద్దుటి వెలుగు ఒక పక్క, సాయంత్రపు వెలుగు ఇంకో పక్క వచ్చేలా పేర్చడంలో మీ నేర్పు, విచక్షణ ఉన్నాయి. ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు అడిగిన కొలబద్ద అదే. కాబట్టి కొలాజ్ మొత్తం మీద హక్కు మీది. అందులోని మేఘాల మీద హక్కు మాత్రం ఇప్పటికీ మీ కొలీగ్‌దే. "ముప్పై శాతం మారిస్తే మనదైపోతుంది" అని కళాకారుల మధ్య ఒక మాట తిరుగుతుంటుంది. అలాంటి లెక్క మన చట్టంలో ఎక్కడా లేదు.

మీ కొలీగ్ నోటిమాటగా "పర్లేదులే" అంటే సరిపోదు. ఏ ఫొటోలు, ఏ వాడకానికి, ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి, ఎంత డబ్బుకు అన్నది రాసి సంతకం పెట్టించండి. ఏళ్లు రాయకపోతే చట్టం అయిదేళ్లే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. పాత తేదీ మాత్రం వేయకండి. ఇవాళ్టి తేదీతోనే, ఇంతకుముందు వాడినదానికీ ఒప్పుకుంటున్నట్టు ఒక వాక్యం చేర్చితే చాలు.

ఇక డిజైనర్ సంగతి. ఆయన కొన్నది బోర్డు. గోడకు తగిలించుకోవచ్చు, రేపు ఇంకొకరికి అమ్ముకోవచ్చు. కాపీలు తీసే హక్కు రాతపూర్వకంగా ఇస్తేనే పోతుంది. మీ వాట్సాప్ మెసేజ్‌ను వాళ్లు తప్పకుండా పట్టుకుని వాదిస్తారు. దాన్ని డిలీట్ చేయకండి. ఆ సంభాషణంతా ఫ్రేము ఏ గోడకు బాగుంటుందన్నదే అయితే, "పెట్టుకోండి" అన్నది తగిలించుకోవడం గురించేనని మనం చూపగలం. పైగా సంతకం కోసేయడం వేరే తప్పు. 57వ సెక్షన్ ప్రకారం కృతి మీద తన పేరు నిలుపుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా దాన్ని పాడుచేస్తే ప్రశ్నించే హక్కు, ఈ రెండూ కాపీరైట్ మొత్తం అమ్ముకున్న కళాకారుడికీ మిగులుతాయి. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ కుడ్యశిల్పాన్ని ఊడదీసి పాడుచేసినందుకు శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కు 2005లో ఢిల్లీ హైకోర్టు 5 లక్షలు ఇప్పించింది, అదీ కేంద్ర ప్రభుత్వం చేత.

ఎంత అడగాలి? 18 వేలు బోర్డు ధర, అక్కడ ఆగిపోకండి. ఇన్ని గదుల గోడలకు వాడుకోనిస్తే మార్కెట్లో ఎంత లైసెన్స్ ఫీజు వచ్చేదో అది అడగాలి. మీరుగానీ, మీలాంటి కళాకారులుగానీ హోటళ్లకు వేసిన పాత బిల్లులు ఇక్కడ అక్కరకొస్తాయి. రెండో నష్టం, ఒక్కటే ఉన్న వస్తువు గదిగదికీ కనిపిస్తే దాని విలువ పడిపోవడం. జర్మన్ ఫొటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ తీసిన రైన్ నది ఫొటో 2011లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 43 లక్షల డాలర్లు పలికింది. కంప్యూటర్‌లో మనుషుల్ని, ఫ్యాక్టరీని చెరిపేసిన బొమ్మే అయినా, అది ఆరే ప్రింట్లు వేసిన ఎడిషన్‌లోది. ఎన్ని ఉన్నాయన్నది ధరలో భాగమని కోర్టుకూ చెప్పాలి.

వాటా విషయంలో ఆశ పెట్టుకోవద్దు. 53ఎ సెక్షన్ పదివేలు దాటిన రీసేల్‌లో పది శాతం మించకుండా వాటా ఇస్తుంది గానీ, అందులో పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్, రాతప్రతులు ఉన్నాయి, ఫొటో లేదు. చేత్తో అతికించిన కొలాజ్ డ్రాయింగ్ కిందికి వస్తుందని వాదించవచ్చు. ఆ వాదన మీద మాత్రం ఖర్చు పెట్టమని నేను చెప్పను. ఇకమీదట బిల్లు మీదే "కాపీ హక్కులు కళాకారిణివే, ప్రింట్లకు రాతపూర్వక అనుమతి అవసరం" అని అచ్చు వేయించండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా కళాకృతికి ఫీజు 500 రూపాయలే, చేయించుకుంటే సాక్ష్యానికి పనికొస్తుంది. కేసు మీరుండే బెంగళూరులోనే వేయవచ్చు. దావా విలువ 3 లక్షలకు తగ్గకపోతే వాణిజ్య కోర్టుకు వెళ్తుంది, అత్యవసర స్టే అడగకపోతే ముందు మధ్యవర్తిత్వం తప్పదు. హోటల్‌లో ఒక రాత్రి గది తీసుకుని, బిల్లుతో సహా గోడ ఫొటోలు తీసిపెట్టుకోండి. నోటీసు వెళ్లాక ఆ వాల్‌పేపర్ గోడ మీద ఉంటుందన్న నమ్మకం లేదు.