పాత ఎస్‌యూవీ స్థానంలో కాంపాక్ట్ క్రాసోవర్

ప్రశ్న: మా ఎస్‌యూవీకి 14 ఏళ్లు. అప్పుడప్పుడు ట్రైలర్ లాగుతాం. మూడేళ్లు వాడిన కాంపాక్ట్ క్రాసోవర్‌కు మారొచ్చా? ఏం చూసి కొనాలి?

జవాబు: ముందు ట్రైలర్ సంగతి తేల్చుకోండి. లాడర్ ఫ్రేమ్ (బాడీ కింద నిచ్చెనలాంటి విడి చట్రం) ఉన్న పాత బండి లాగే బరువును మోనోకాక్ (బాడీ, చట్రం ఒకటే అయిన) క్రాసోవర్ సాధారణంగా లాగలేదు. సీవీటీ గేర్‌బాక్స్ (విడి గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్) అయితే మరింత జాగ్రత్త: అధిక బరువుకు ఆయిల్ వేడెక్కుతుంది, బెల్టు పుల్లీలపై జారి అరుగుతుంది. బ్రేకులున్న ట్రైలర్‌కూ లేనిదానికీ పరిమితులు వేరు. మాన్యువల్‌లో రెండూ చదవండి. ట్రైలర్ మానేస్తే మాత్రం నిశ్చింతగా మారండి.

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే బండి చూడండి. స్టార్ట్ చేయగానే గలగలమని కొన్ని సెకన్లు మోగితే టైమింగ్ చెయిన్ (ఇంజిన్ వాల్వులను సరైన సమయానికి కదిలించే గొలుసు) సాగి ఉండొచ్చు. ఓబీడీ స్కానర్‌లో (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) లోపాల కోడ్‌లు లేవని సంబరపడకండి. రెడీనెస్ మానిటర్లు (బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు) చాలావరకు అసంపూర్తిగా కనిపిస్తే, ఈమధ్యే కోడ్‌లు చెరిపారనో బ్యాటరీ తీశారనో అనుమానించాలి.

టైరు పక్కన తయారీ వివరాలు చెప్పే డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చూడండి: 2322 అంటే 2022లో 23వ వారం. ఆల్ వీల్ డ్రైవ్ బండికి నాలుగు టైర్లూ ఒకేలా అరిగి ఉండాలి. చుట్టుకొలత తేడా వస్తే ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే కప్లింగ్ అదేపనిగా జారుతూ వేడెక్కి పాడవుతుంది. ఆ రిపేరు చాలా ఖరీదైనది.