చేప కింద నుంచి చూస్తుంది

గాలం సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పెద్దాయనకి నమస్కారం. మాది ఉదయగిరి. ఇంట్లో అందరం చెక్క గరిటెలు చెక్కే పనిలో ఉన్నాం. కావలిలో నాతో డిగ్రీ చదివిన స్నేహితుడిది రామాయపట్నం. వాళ్ళ ఫైబర్ బోటు మీద వంజరాలకీ తూరలకీ (ట్యూనా చేపలు) గాలాలు లాగుతారు. వాడి కోసం ఎగిరే చేపలాంటి ఎర ఒకటి చెక్కాను. జానెడు పొడవు. పాత ఎక్స్‌రే ఫిల్మును కడిగి, కత్తిరించి, రెక్కలు విప్పి అతికించా. వీపుకి నీలం రంగు, పొట్టకి తెల్ల రంగు వేశా. చూసినోళ్ళంతా బతికున్న చేపేనన్నారు. మూడుసార్లు సముద్రం మీదికి తీసుకెళ్ళారు. బోటు వెనక గిరగిరా తిరగడమే గానీ ఒక్క చేపా ముట్టలేదు. లోపం ఎక్కడుంది? ఫొటోలు పంపుతున్నా. (ఒక పాఠకుడు, ఉదయగిరి)

జవాబు: నాయనా, ఫొటోలు చూశా. నీది చేయి తిరిగిన పని. రెక్కలో ఈనెలు కూడా ఒక్కొక్కటే గీశావు. ఆ పని మీద గౌరవంతోనే దాచకుండా చెప్తున్నా. నువ్వు ఆ చేపని పైనుంచి చూసి చెక్కావు. దాన్ని తినొచ్చేది కిందనుంచి చూస్తుంది.

ఒకసారి ఈత బావిలో మునిగి, కళ్ళు తెరిచి పైకి చూడు. ఆకాశం మొత్తం నెత్తి మీద ఒక గుండ్రటి కిటికీలో ఇమిడిపోయి కనిపిస్తుంది. ఆ కిటికీ వెడల్పు 97 డిగ్రీల దాకా ఉంటుంది. దాని అవతల నీటి పైపొర అద్దంలాగా తళతళలాడుతుంది. తూర చూసే లోకం అది. ఆ కిటికీలో నీ ఎర నల్లటి నీడ. నీలం రంగు దానికి అందదు. నువ్వు రెండు రోజులు కూర్చుని దిద్దిన వీపుని అది చూడనే చూడదు. దానికి కనిపించేది ఆకారం, పొట్ట మీద మెరుపు, కదలిక. ఈ మూడూ కుదిరితే రంగు లేకపోయినా పడుతుంది. మా చిన్నప్పుడు కానాగంత చేప పొట్ట దగ్గర తెల్లటి చర్మాన్ని వేలెడు పీలికగా కోసి గాలానికి గుచ్చి లాగేవాళ్ళం. దానికి కన్నూ లేదు, రెక్కా లేదు. చేపలు పడేవి.

కాబట్టి ముందు పొట్ట సంగతి చూడు. తెల్ల రంగు మెరవదు. బిస్కెట్ ప్యాకెట్ లోపలి వెండి రేకుని పొట్టకీ పక్కలకీ అతికించి, పైన రెండు పూతలు వార్నిష్ వెయ్యి. వీపు నీలం నీ ముచ్చట, ఉంచుకో.

ఇక రెక్కలు. అసలు తప్పు ఇక్కడుంది. ఎగిరే చేప నీళ్ళలో ఉన్నప్పుడు రెక్కలు విప్పదు. మూసిన గొడుగులాగా ఒంటికి అంటించుకుని ఈదుతుంది. వేటాడే చేప తరిమితే వేగం పెంచి, ఏటవాలుగా నీటి పైపొరని చీల్చుకుని బయటికొచ్చాక, అప్పుడు విప్పుతుంది. ఒళ్ళు గాల్లో ఉన్నా తోక కింది రెమ్మ మాత్రం ఇంకా నీళ్ళలోనే ఉంటుంది. దాంతో సెకనుకి 50 నుంచి 70 సార్లు కొట్టుకుంటూ ఊపు తెచ్చుకుని పూర్తిగా లేస్తుంది. పొద్దున్నే సముద్రం పలకలాగా ఉన్నప్పుడు చూస్తే, అది లేచిన చోట నీళ్ళ మీద కుట్టుమిషను కుట్టినట్టు వంకర గీత కనిపిస్తుంది. నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరేది కాదు.

అందుకే దాని తోక కింది రెమ్మ పై రెమ్మ కంటే పొడుగు. నీ ఫొటోలో రెండూ సమానంగా ఉన్నాయి. అది కానాగంత తోక, ఎగిరే చేపది కాదు. పాత సైకిల్ ట్యూబు ముక్కతో కింది రెమ్మ చేసి పెట్టు. మెత్తగా ఉండి నీళ్ళలో కొట్టుకుంటుంది.

ఇప్పుడు నువ్వొకటి తేల్చుకోవాలి. నీ ఎర నీళ్ళలో పోయేదా, నీళ్ళ మీద గెంతేదా? నీళ్ళలో పోయేదైతే రెక్కలు పక్కలకి అణిచి అతికించు. అంచు కొంచెం లేచి ఉంటే చాలు. నీళ్ళ మీద గెంతేదైతేనే రెక్కలు విప్పి పెట్టు. విప్పిన రెక్కలతో నీళ్ళలో మునిగి పోయే ఎగిరే చేపని ఏ తూరా చూసి ఉండదు. నమ్మదు కూడా.

గిరగిరా తిరగడానికి కారణం కూడా సగం ఆ రెక్కలే. బోటు లాగుతుంటే నీటి ఒత్తిడి విప్పిన రెక్క మీద పడుతుంది. ఒక రెక్క అగ్గిపుల్ల మందం వంగినా ఎర తిరగబడుతుంది. మిగతా సగం బరువు లేకపోవడం. దవడ కింద సీసం గుండు ఒకటి దించి బిగించు, పొట్ట కిందికే ఉంటుంది. దారం కట్టే కొక్కెం సరిగ్గా ముక్కు మధ్యలో ఉండాలి. ఎరకి రెండు బారల ముందు స్వివెల్ (దారం పురి పడకుండా తనే తిరిగే లోహపు ముడి) తప్పకుండా వెయ్యి. సముద్రం దాకా పోనక్కర్లేదు, కాలవ గట్టు మీద దారం పట్టుకుని వేగంగా నడిచి చూసుకో. అక్కడ తిరిగితే బోటు వెనకా తిరుగుతుంది.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. అప్పట్లో మేం చచ్చిన ఎగిరే చేపనే ఎరగా కట్టేవాళ్ళం. దానికొక పద్ధతుంది. వెన్నుముల్లు సడలేదాకా చేపని చేతుల్లో అటూ ఇటూ వంచాలి. నోరు నూలుదారంతో కుట్టెయ్యాలి. ఒకరోజు తూరలు చుట్టూ మరుగుతున్నట్టు లేస్తున్నాయి. తొందరలో నోరు కుట్టకుండా వదిలా. నోట్లోకి నీళ్ళు పోయి చేప బుగ్గలు ఉబ్బించుకుని తిరగడం మొదలుపెట్టింది. చూసుకునేలోపు అరవై బారల దారం కొబ్బరితాడులా పురి పడిపోయింది. ఎంత విప్పినా రాలేదు. కోసి పారేశాం. మళ్ళీ దారం సిద్ధం చేసేసరికి తూరలు దాటిపోయాయి. ఆరోజు బోటులో నాతోపాటు ఉన్న నలుగురి కూలీ నా తొందర వల్ల పోయింది. అది నన్నింకా బాధపెడుతుంది.

నీళ్ళ మీద గెంతించడానికి దారం పైనుంచి రావాలి. బోటు అంచు నుంచి లాగితే ఎర మునుగుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా దగ్గర కాటలీనా అని ఒక దీవి ఉంది. అక్కడి అవలాన్‌లో జార్జ్ ఫార్న్స్‌వర్త్ అనే బోటు కెప్టెన్ 1909 ప్రాంతంలో దీనికి గాలిపటం వాడాడు. అక్కడి పెద్ద తూరలు బోటు చప్పుడుకి బెదిరి దగ్గరికి రావు. ఆయన గాలిపటం ఎగరేసి, గాలం దారాన్ని దానికి తగిలించి, ఎగిరే చేప ఎరని బోటుకి దూరంగా, పక్కగా, నీళ్ళ మీద తడుతూ లేస్తూ పోయేటట్టు చేశాడు. దారం నీళ్ళని తాకదు, నురగ దరిదాపుల్లో ఉండదు. సోలమన్ దీవుల వాళ్ళు అంతకుముందు నుంచే ఆకుతో గాలిపటం కట్టి, గాలం లేకుండా సాలెగూటిని ఉండలా చుట్టి ఎరగా వేలాడదీసేవాళ్ళు. సూదిమూతి చేపల పళ్ళు ఆ గూట్లో చిక్కుకుంటాయి. ఇంత ఆలోచన చేసినవాళ్ళకి నేను చేతులెత్తి దణ్ణం పెడతా.

ఫైబర్ బోటు మీద గాలిపటం ఎగరేస్తూ కూర్చోవడానికి మనిషి చాలడు. వెదురు గడని బోటు పక్కకి ఏటవాలుగా కట్టి, దాని కొసన దారాన్ని సన్నటి నూలుతో తగిలించమను. చేప లాగితే నూలు తెగి దారం నేరుగా చేతికొస్తుంది. బోటు గంటకి పది పన్నెండు కిలోమీటర్ల వేగం దాటకూడదు. అప్పుడప్పుడూ దారాన్ని ఒక బార లాగి వదిలెయ్యాలి. ఎర లేచి, టప్పున పడుతుంది. ఆ పడ్డ క్షణం ముఖ్యం. తరిమే చేప కిందనే నీడలాగా వెంటపడుతూ, అది ఎక్కడ వాలుతుందా అని కాచుకుని ఉంటుంది.

గాలం సంగతి ఒక్కటి. తూర తల వైపు నుంచి మింగుతుంది. వంజరం అట్టా కాదు, కత్తెర పళ్ళతో తోక భాగాన్ని కోసుకుపోతుంది. నీ గాలం పొట్ట ముందు భాగంలో ఉంది. వంజరానికైతే దాన్ని వెనక్కి జరిపి, పైన జానెడు ఉక్కు తీగ వెయ్యి. నైలాను దారాన్ని అది ఒక్క కొరుకుతో తెంపేస్తుంది.

చెక్క కూడా మార్చి చూడు. గరిటెల చెక్క గట్టిది, బరువైంది. జీలుగు బెండుతో ఒళ్ళు చేసి, నడుమ తీగ దూర్చి, పైన గట్టిగా వార్నిష్ పట్టిస్తే తేలిగ్గా గెంతుతుంది. నాలుగు దెబ్బలకి పాడవుతుంది, నిజమే. ఇంకోటి చెయ్యడం నీకు పెద్ద పని కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపేస్తారు గదా. అప్పుడు మీ స్నేహితుణ్ణి ఉదయగిరి రప్పించుకుని ఇద్దరూ కూర్చుని చెయ్యండి. చెక్కేవాడూ లాగేవాడూ ఒకచోట కూర్చోకుండా ఎర కుదరదు.

ప్రశ్న: ఎగిరే చేప పక్షిలాగా రెక్కలు ఆడిస్తుందా అని మా పాప అడుగుతోంది. బడిలో ఒకరు అవునన్నారట, ఒకరు కాదన్నారట. (ఒక తల్లి, ఒంగోలు)

జవాబు: ఆడించదమ్మా. చాపి పట్టుకుంటుంది, అంతే. ఊపంతా తోకది. మామూలుగా 50 మీటర్లు పోతుంది. ఎదురుగాలీ అల మీది గాలీ కలిసొస్తే 200 మీటర్లు దాటుతుంది. దిగబోతూ తోకని మళ్ళీ నీళ్ళలో తాకించి, కొట్టుకుని, మళ్ళీ లేస్తుంది. 2008లో జపాన్‌లోని యాకుషిమా దగ్గర టీవీ వాళ్ళు తీసిన చేప 45 సెకన్లు గాల్లో ఉంది.

పాపకి ఇది కూడా చెప్పు. రాత్రిపూట బోటులో దీపం ఉంటే ఎగిరే చేపలు వెలుగుకి వచ్చి లోపలే పడతాయి. ఒకసారి ఒకటి నా ఒళ్ళో పడింది. రెక్క వేళ్ళతో విప్పి దీపానికి అడ్డం పెట్టా. నూనె పట్టిన కాగితంలాగా వెలుగు ఇవతలికి వచ్చింది. మధ్యలో ఈనెలు సన్నగా, కొసకి పోయేకొద్దీ రెండుగా చీలి ఉన్నాయి. వేలు తీస్తే చప్పున మూసుకుంది. మళ్ళీ నీళ్ళలో వదిలేశా.

ప్రశ్న: ఆకుల కట్టలు సముద్రంలో వదిలి ఎగిరే చేపల్ని పట్టేవారని మా తాత చెప్పేవాడు. ఆకు తినే చేప కాదుగదా, ఎట్టా పడతాయి? (ఒక పాఠకుడు, కొత్తపట్నం)

జవాబు: మీ తాతగారు చెప్పింది నిజమయ్యా. తమిళనాడులో నాగపట్నం వైపు ఈ వేట పేరున్నది. వాళ్ళు ఈ చేపని పరవైకోలా అంటారు. అవి ఆకు తినడానికి రావు, గుడ్లు పెట్టడానికి వస్తాయి. దాని గుడ్లకి దారపు పోగుల్లాంటివి ఉంటాయి. తేలే దేనికైనా ఆ పోగులు చుట్టుకుంటాయి. నడిసముద్రంలో తేలేవి తక్కువ గనక, కొమ్మల కట్ట కనిపిస్తే గుంపులుగా చేరతాయి. మన జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో అక్కడి చేపల శాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ ఈ కోరమాండల్ తీరపు వేట గురించి 1923లో రాశాడు. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోండి. అట్టా వచ్చే ప్రతి చేప కడుపులో గుడ్లుంటాయి. కట్టని పైకి లాగినప్పుడు ఆకులకి పట్టుకున్న గుడ్లని తిరిగి నీళ్ళలోకి వదిలెయ్యండి.

ప్రశ్న: సోమశిల రిజర్వాయర్లో కొరమేనుకి ఈ రెక్కల ఎర పనికొస్తుందా? (ఒక పాఠకుడు, ఆత్మకూరు)

జవాబు: రాదు. అది పుట్టి పెరిగిన నీళ్ళలో ఎగిరే చేప లేదు. అక్కడ నీటిపైన గెంతేది కప్ప. మెత్తటి రబ్బరుతో కప్పని చేసి, గాలం మొన పైకి తిప్పి పెట్టి, గట్టు దగ్గర నాచు అంచున రెండు గెంతులు వేయించి ఆపు. ఆపినప్పుడే వస్తుంది.