అడ్జుడికేటర్ నిర్ణయంపై కోర్టుకు వెళ్లే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

ఫార్మ్‌వర్క్ (కాంక్రీటు పోసే అచ్చుల పని) సబ్‌కాంట్రాక్టర్‌కు నీవు 2,40,000 డాలర్లు చెల్లించాలంటూ అడ్జుడికేటర్ (చెల్లింపు తగాదాను త్వరగా, తాత్కాలికంగా తేల్చే నిర్ణేత) ఇచ్చిన నిర్ణయాన్నీ, రాష్ట్ర సుప్రీం కోర్టులోనే తాడో పేడో తేల్చుకుంటానంటూ నీవు రాసిన ఉత్తరాన్నీ పూర్తిగా చదివాను. నీ కోపంలో సగం న్యాయం ఉంది. అయితే ఆస్ట్రేలియాలోని మన న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఇలాంటి వ్యాజ్యాలను వినే కోర్టు, అడ్జుడికేటర్ లెక్క సరిగా వేశారా లేదా అన్న జోలికి పోదు. ఆ నిర్ణయం చేసే అధికారం ఆయనకు ఉందా, దానిని చట్టం గీసిన హద్దుల్లోనే వాడారా, నీ మాట చెప్పుకునే అవకాశం ఇచ్చారా అన్నంతవరకే చూస్తుంది. లాయర్‌ను కలిసే ముందే ఈ సంగతి నీ మనసులో స్థిరపడాలి.

1999 నాటి సెక్యూరిటీ ఆఫ్ పేమెంట్ చట్టం ఉద్దేశం, పని చేసినవారి చేతికి డబ్బు త్వరగా అందించి, అంతిమ హక్కులను తర్వాత తేల్చుకోనివ్వడం. కొద్ది రోజుల గడువులో, ప్రధానంగా కాగితాలు చూసి రాసే నిర్ణయంలో తప్పులు దొర్లుతాయని చట్టం చేసినవారికి తెలియక కాదు. ప్రూబిల్డ్, షేడ్ సిస్టమ్స్ సంస్థల మధ్య వచ్చిన కేసులో 2018లో దేశంలో అన్నిటికన్నా పై కోర్టయిన ఆస్ట్రేలియా హైకోర్టు దీనిని తేల్చి చెప్పింది: అధికార పరిధిని దాటని చట్టపరమైన పొరపాటు, నిర్ణయంలో పైకి స్పష్టంగా కనిపిస్తున్నా సరే, దాన్ని కారణంగా చూపి నిర్ణయాన్ని కొట్టివేయడానికి వీలులేదు. నీ విషయంలోలాగే అక్కడ కూడా పని ఆలస్యమైనందుకు మినహాయించుకోవలసిన సొమ్ము గురించిన వాదనే అడ్జుడికేటర్ తోసిపుచ్చారు.

కనుక నీ ఫిర్యాదులను ఈ గీటురాయి మీద పెట్టి చూడు. వేరియేషన్ పనికి (ఒప్పందం తర్వాత మార్చిన లేదా అదనంగా చేర్చిన పనికి) ఒప్పందంలోని రేటు కాకుండా ఎక్కువ రేటు కట్టారన్నది మొదటిది. అది నిజమే అయినా కోర్టులో నిలవదు. ఇంగ్లండ్‌లో 2000లో అప్పీలు కోర్టు ముందుకు వచ్చిన బూయిగ్ కేసులో, ఇంకా గడువు రాని రిటెన్షన్ సొమ్మును (హామీగా ఆపి ఉంచే భాగాన్ని) అడ్జుడికేటర్ లెక్కలో కలిపేయడంతో, డబ్బు రావలసిన పక్షమే డబ్బు ఇవ్వవలసిన పక్షంగా మారింది. తప్పు జరిగిందని అందరికీ తెలిసినా, అడిగిన ప్రశ్నకే జవాబిచ్చారు గనుక ఆ నిర్ణయం చెల్లుతుందని కోర్టు అన్నది. డబ్బు అందుకోవలసిన సంస్థ లిక్విడేషన్‌లో (దివాలా తీసి మూసివేతలో) ఉండటం వల్ల మాత్రమే అమలు ఆగింది. గడువు పొడిగింపు క్లాజును తప్పుగా చదివారన్న నీ రెండో ఫిర్యాదు గతీ అంతే.

మూడోది వేరు. స్తంభాల్లో తేలిన హనీకోంబ్ (కాంక్రీటులో ఏర్పడే గుల్లలు) మరమ్మతు కోసం నీవు మినహాయించుకున్న 38,000 డాలర్ల బ్యాక్‌చార్జిని (వారి తప్పును సరిదిద్దిన ఖర్చును), ఇద్దరిలో ఎవరూ ప్రస్తావించని నోటీసు క్లాజు ఆధారంగా, మిమ్మల్ని ఒక్క మాట అడగకుండా తిరస్కరించారు. ఇది సహజ న్యాయానికి, అంటే ఇరుపక్షాల మాటా వినాలన్న సూత్రానికి సంబంధించిన విషయం. అయితే ఒక పరీక్ష పెట్టుకో: ఆయన అడిగి ఉంటే నీవు ఏమి చెప్పేవాడివో అర పేజీలో రాయి. ఫలానా తేదీన నోటీసు పంపాం, ఇదిగో ఈమెయిల్ అని చూపగలిగితే నీ చేతిలో కేసు ఉన్నట్లే. ఇంతకు ముందు రాసిన వాదననే మరో మాటల్లో తిప్పి రాస్తే, ఫలితం మారేదని కోర్టును ఒప్పించడం కష్టం. పైగా నీ ఒప్పందం 2019 అక్టోబరు తర్వాతిది గనుక ఆ చట్టంలోని 32ఏ సెక్షన్ వర్తిస్తుంది. దోషం తగిలిన భాగాన్ని మాత్రమే రద్దు చేసి మిగిలినదాన్ని అలాగే ఉంచే అధికారం కోర్టుకు ఉంది. అంటే నీవు గెలిచినా 38,000 మాత్రమే తగ్గి, 2,02,000 కట్టవలసి రావచ్చు. ఆ తేడా కోసం ఎంత ఫీజు పెట్టవచ్చో నీవే లెక్క వేసుకో.

నీ ఉత్తరంలో లేనిది, నేనైతే మొట్టమొదట చూసేది, తేదీలు. 2010లో చేజ్ ఆయిస్టర్ బార్ కేసులో, అడ్జుడికేషన్‌కు వెళతామన్న నోటీసు చట్టం చెప్పిన గడువు దాటాక ఇచ్చారు. గడువులోనే ఇచ్చారని అడ్జుడికేటర్ పొరబడటం అధికార పరిధి దోషమేనని న్యూ సౌత్ వేల్స్ అప్పీలు కోర్టు తేల్చింది. క్లెయిమ్ (వారు పంపిన బిల్లు), షెడ్యూల్ (ఎంత ఇస్తావో, మిగతాది ఎందుకు ఇవ్వవో చెప్పే నీ జవాబు), అడ్జుడికేషన్ దరఖాస్తు ఏ రోజున ఎవరి చేతికి అందాయో ఒక కాగితం మీద వరుసగా రాసి, పని దినాలను వేలు పెట్టి లెక్కించు. రేట్ల మీద వంద పేజీల వాదన కన్నా ఆ ఒక్క కాగితం విలువైనది కావచ్చు.

డబ్బు విషయం. నిర్ణయం అందిన అయిదు పని దినాల్లో చెల్లించకపోతే, సబ్‌కాంట్రాక్టర్ వారు సర్టిఫికెట్ తెచ్చుకుని కోర్టు డిక్రీగా నమోదు చేయించుకోవచ్చు, నోటీసు ఇచ్చి పని కూడా ఆపవచ్చు. ఆ డిక్రీని రద్దు చేయమని వెళ్లేవారు చెల్లించని సొమ్మును ముందుగా కోర్టులో కట్టాలని 25వ సెక్షన్ చెబుతోంది. కోర్టుకు వెళితే డబ్బు మన దగ్గరే ఉంటుందన్న ఆశ పెట్టుకోవద్దు. రేటు, క్లాజు తగాదాలకు 32వ సెక్షన్ దారి తెరిచే ఉంచింది: ఇప్పుడు చెల్లించి, ఒప్పందం ప్రకారం అసలు దావా వేసి, ఎక్కువ ఇచ్చినదాన్ని తిరిగి రాబట్టుకోవచ్చు. ఆ సబ్‌కాంట్రాక్టర్ అప్పటిదాకా నిలదొక్కుకుని ఉంటాడా అన్నది మాత్రం ఇప్పుడే వాకబు చెయ్యి.

నీ పేమెంట్ షెడ్యూల్ రెండో పేజీలో, “ఆలస్యానికి మినహాయింపు, వివరాలు తర్వాత పంపుతాము” అని ఒకే ఒక్క వాక్యం ఉంది. షెడ్యూల్‌లో చెప్పని కారణాన్ని అడ్జుడికేషన్‌లో ఇచ్చే తర్వాతి జవాబులో చేర్చడాన్ని చట్టం ఒప్పుకోదు. నీవు ఆ తర్వాత పంపిన ప్రోగ్రామ్ చార్టులను అడ్జుడికేటర్ పక్కన పెట్టడంలో ఆయన తప్పేమీ లేదు. ఈ నెల క్లెయిమ్ ఇప్పటికే నీ బల్ల మీద ఉండి ఉంటుంది, దాని షెడ్యూల్‌కు ఉన్నవి పది పని దినాలే. ప్రతి మినహాయింపుకూ మొత్తం, క్లాజు నంబరు, కారణం, ఆధారం రాసి, పంపే ముందు దాని ప్రతిని నాకు చూపించు.

ఆశీస్సులతో,
పెదనాన్న