బొమ్మలు వేయని పిల్ల డిజైనర్ అవుతుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వనామీ రొయ్యల చెరువులు చేస్తాను. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. ఇంజనీరింగ్ వద్దు, ‘హ్యూమన్ సెంటర్డ్ డిజైనర్’ అవుతానంటోంది. బొమ్మలు వేసే పిల్ల కాదు, నలుగురిలో నోరు విప్పదు. పోయిన వేసవిలో మాత్రం చెరువు దగ్గర మేత పుస్తకం తీయించేసి, ఒక పలకకు మేకులు కొట్టి, ట్రేలో మేత మిగిలిన లెక్కకు కూల్‌డ్రింక్ మూతలు తగిలించమంది. రాయమంటే రాయని కుర్రాడు ఇప్పుడు లెక్క సరిగ్గా చూపిస్తున్నాడు. కానీ ఇదీ ఒక చదువేనా? వీళ్లేం చదువుతారు, ఏం పని చేస్తారు? తిండి పెడుతుందా?

జవాబు: అయ్యా, మీరు ‘మాత్రం’ అని తేలిగ్గా తీసిపారేసిన ఆ పలక గురించే ముందు మాట్లాడతాను.

చెక్ ట్రే పైకి లాగి, మేత ఎంత మిగిలిందో చూసి, తర్వాతి పూట ఎంత వేయాలో తేల్చుకోవడం మీకు రోజూ ఉండే పనే. లెక్క తప్పితే మేత డబ్బులూ పోతాయి, చెరువు అడుగూ పాడవుతుంది. పుస్తకంలో రాయలేదంటే మనలో ఎవరమైనా కుర్రాడికి బద్ధకం అంటాం. మీ అమ్మాయి ఆ మాట అనకుండా అతని చేతులు చూసినట్టుంది. ట్రే లాగిన చేతులు తడి, వేళ్ల నిండా మేత పొడి. ఆ చేత్తో పెన్ను పట్టి గళ్లలో అంకెలు వేయడం ఎంత చిరాకో ఒకసారి మీరే చేసి చూడండి. మూత తగిలించడానికి తడి చెయ్యి అడ్డం కాదు. కుర్రాణ్ని మార్చాలని చూడలేదు, పనిముట్టును మార్చింది. హ్యూమన్ సెంటర్డ్ డిజైన్, అంటే వాడే మనిషిని బట్టి వస్తువును రూపొందించే వృత్తిలో ఉన్నవాళ్లు పట్టుకుని వేలాడే సిద్ధాంతం ఇదే: వాడేవాడు పదేపదే తప్పు చేస్తున్నాడంటే, ముందు వస్తువును అనుమానించాలి.

మన దేశంలో దీనికి గొప్ప ఉదాహరణ జైపూర్ కాలు. అప్పట్లో విదేశాల నుంచి వచ్చే కృత్రిమ పాదాలు బూటు వేసుకుని, కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం చేసినవి. మన రైతు ఉత్తికాళ్లతో బురదలో దిగుతాడు, బాసింపట్టు వేసుకుని అన్నం తింటాడు, గొంతుక్కూర్చుంటాడు. 1960ల చివర్లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ అనే ఎముకల వైద్యుడు కలిసి ఈ పనులన్నిటికీ పనికొచ్చే రబ్బరు పాదం తయారుచేశారు. దానికి 1981లో సేఠీకి మెగసెసే అవార్డు వచ్చింది. శర్మకు పెద్ద చదువు లేదు, ఆయన చేతిలో ఉన్నది పనితనం. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ కాలు తయారయ్యేది కాదనే నా నమ్మకం.

అందుకే ‘వీళ్లేం చదువుతారు’ అన్నదానికి ఒక్క డిగ్రీ పేరు చెప్పలేను. ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, సైకాలజీ, సోషియాలజీ చదివి వచ్చినవాళ్లూ ఉన్నారు, నేరుగా డిజైన్ చదివినవాళ్లూ ఉన్నారు. బ్యాంకు యాప్, ఆసుపత్రి ఓపీ కౌంటర్, గ్లూకోమీటర్, బస్సు టికెట్ మెషీన్, ఏదైనా సరే, దాన్ని వాడే మనిషి దగ్గరకు వెళ్లి చూస్తారు, అడుగుతారు. చవకలో ఒక నమూనా చేసి చేతికిస్తారు. అది ఎక్కడ తేలిపోయిందో చూసి మళ్లీ చేస్తారు. చేపల కొట్టులో ఆవిడ చేతులు కడుక్కుని ఫోన్ తీయక్కర్లేకుండా డబ్బులు పడ్డాయని సౌండ్ బాక్స్ చెబుతోంది చూశారా, అలాంటి ఆలోచనలన్నీ ఇలా పుట్టేవే.

నోరు విప్పదని మీరు దిగులు పడుతున్నారు. ఈ పనిలో అది మంచి గుణమండీ. ఎదుటివాడు చెప్పేది పూర్తిగా వినకముందే సలహా ఇచ్చేవాళ్లు ఇక్కడ రాణించరు. ఆమెకు ముందుముందు కష్టమయ్యేది వేరే ఉంది. తను కనిపెట్టింది పదిమంది ముందు నిలబడి చెప్పాలి, పై అధికారి కాదంటే కారణం చూపించి వాదించాలి. అది నేర్చుకుంటే వచ్చేదే. నేర్పితే రానిది ఒకటుంది, దాన్ని మీరే పరీక్షించండి. ‘పలక కంటే ముందు ఏం చేసి చూశావు, అదెందుకు పనికిరాలేదు?’ అని అడగండి. పనికిరాని వాటి గురించి ఉత్సాహంగా చెప్పుకుపోతే ఈ దారిలో ధైర్యంగా పంపండి. చిన్నబుచ్చుకుని మాట మార్చేస్తే ఇంకొంచెం ఆలోచించాలి. ఎందుకంటే వారం రోజులు కష్టపడి చేసింది పారేయడం వీళ్లకు మామూలు సంగతి.

ఇక దారులు. ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీ బాంబే, ఢిల్లీ, గువాహటి, హైదరాబాద్ వంటి చోట్ల బీడిజైన్ (డిజైన్‌లో డిగ్రీ) సీట్లు ఇస్తారు. జేఈఈతో పని లేదు. దరఖాస్తులు సాధారణంగా అక్టోబరులో మొదలవుతాయి, పరీక్ష జనవరిలో. వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు. ఒక భాగం కంప్యూటర్ మీద, రెండోది చేత్తో గీయాలి. చిత్రకారిణి కానక్కర్లేదు గానీ, చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టగలగాలి. రోజూ ఒక పేజీ గీయమనండి: ఏరేటర్ (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రం), ట్రే, గట్టు మీద కూర్చున్న మనిషి. ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వేరే పరీక్ష ఉంది, రెండు దశల్లో జరుగుతుంది. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ 1961 నాటిది. మన రాష్ట్రంలో అమరావతి దగ్గర ఇంకో ఎన్‌ఐడీ ఉంది. రెండు పరీక్షలూ రాయించండి. ఈఏపీసెట్ కూడా రాయనివ్వండి. మీ టెన్షన్ కొంత తగ్గుతుంది, ఆమె దారీ మూసుకుపోదు. బీటెక్ చేశాక కూడా సీడ్ అనే ఇంకో ప్రవేశ పరీక్ష రాసి ఎండిజైన్‌కు (డిజైన్‌లో పీజీ) వెళ్లొచ్చు. దానికి వయసు పరిమితి గానీ, ఇన్నిసార్లే రాయాలన్న లెక్క గానీ లేదు.

తిండి పెడుతుందా అన్నారు. పెడుతుంది, కాకపోతే అందరికీ ఒకేలా కాదు. ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లో, అదీ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనే ఉన్నాయి. నాలుగు నెలల కోర్సు చేసి యాప్ స్క్రీన్లు గీసేవాళ్లు మార్కెట్లో కిక్కిరిసి ఉన్నారు. ఆ గీసే పని ఇప్పుడు ఏఐ కూడా చేసేస్తోంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, ఏరేటర్ ఆగిందేమోనని టార్చ్ పట్టుకుని పరిగెత్తే రైతుకు ఫోన్‌లో ఏం కనబడాలో చెప్పగలిగేవాళ్లు తక్కువ. మీ ఇంట్లో పుట్టిన పిల్లకు అది కోచింగ్ లేకుండానే కొంత వచ్చింది.

ఒక జాగ్రత్త. రెండు పరీక్షల్లోనూ సీటు రాకపోతే ఏడాదికి లక్షలు అడిగే ప్రైవేటు డిజైన్ కాలేజీల వాళ్లు ఫోన్లు చేస్తారు. అడ్వాన్సు కట్టకముందే ఒక రోజు వెళ్లి ఆఖరి ఏడాది పిల్లలతో విడిగా మాట్లాడండి. ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారు, జీతం ఇచ్చారా, ఎవరి దగ్గరకు వెళ్లి ఏం చూసి వచ్చారు అని అడగండి. వాళ్లు చూపించే పనంతా స్క్రీన్ మీదే ఉండి, మనుషుల ఊసే లేకపోతే, ఆ డబ్బుతో బీటెక్ చదివించి సీడ్ రాయించడం మేలు.