ఎకో నార్మల్‌గా ఉన్నా తలసీమియా పిల్లలకు గుండె ఎమ్మారై అవసరమా?

తలసీమియా మేజర్ (జీవితాంతం తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) ఉన్న మీ పాపకు 11 ఏళ్లు నిండాయని, ఎకో నార్మల్‌గానే ఉన్నా డాక్టరుగారు గుండెకు టీ-టూ స్టార్ ఎమ్మారై (గుండె కండరంలో చేరిన ఐరన్‌ను కొలిచే స్కాన్) రాశారని, అంత ఖర్చు పెట్టి అది చేయించాలా అని మీరు అడిగారు. అదే జబ్బుతో పెరుగుతున్న అబ్బాయికి తండ్రిగా చెబుతున్నాను, తప్పకుండా చేయించండి.

ఎక్కించే ప్రతి యూనిట్ రక్తంతోనూ సుమారు 200 మిల్లీగ్రాముల ఐరన్ ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు కనుక అది ముందు కాలేయంలో, ఆ తర్వాత గుండె కండరంలో పేరుకుంటుంది. ఎకోలో తెలిసేది గుండె పనితీరే తప్ప అందులో చేరిన ఐరన్ కాదు. అది ఏళ్ల తరబడి చేరుతున్నా పంపింగ్ చాలాకాలం బాగానే కనబడుతుంది. ఒంట్లో ఐరన్ నిల్వను సూచించే రక్తపరీక్ష ఫెరిటిన్‌నూ నమ్ముకోలేం. మా వాడికి ఫెరిటిన్ 1,400 దగ్గర, ఎకో నిక్షేపంగా ఉన్న రోజుల్లోనే టీ-టూ స్టార్ 13 మిల్లీసెకన్లు వచ్చింది. ఈ సంఖ్య తగ్గేకొద్దీ ఐరన్ ఎక్కువున్నట్టు లెక్క. 20 పైన ఉంటే మంచిది, 10 లోపు పడితే ఏడాది తిరక్కుండానే గుండె విఫలమయ్యే ప్రమాదం బాగా పెరుగుతుంది.

ఐరన్‌ను ఒంట్లోంచి బయటికి పంపడానికి అప్పటికే వాడుతున్న డెఫెరాసిరాక్స్ అనే మందుకు డాక్టరుగారు అలాంటిదే డెఫెరిప్రోన్ అనే మరో మందు జోడించారు. డెఫెరిప్రోన్‌తో తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి రక్తపరీక్షలు క్రమం తప్పకూడదు, జ్వరం వస్తే ఆ మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కాలేయంలో ఐరన్ త్వరగా తగ్గుతుంది, గుండెలో మాత్రం చాలా నెమ్మదిగా తగ్గుతుంది. మా వాడి సంఖ్య 20 దాటడానికి ఏళ్లు పట్టింది. ఫెరిటిన్ తగ్గింది కదా అని డాక్టరును అడగకుండా మీరే మందుల మోతాదు తగ్గించకండి.

పరీక్షకు ఇంజెక్షన్ అక్కర్లేదు. యంత్రంలో కదలకుండా పడుకుని, చెప్పినప్పుడల్లా కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టాలి. మేము ఇంట్లో పడుకోబెట్టి, ఊపిరి వదిలించి, అంకెలు లెక్కపెడుతూ సాధన చేయించాం, చాలా మేలు జరిగింది. అన్ని సెంటర్లలోనూ ఈ కొలత తీయరు కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. రిపోర్టులో గుండె విలువ, కాలేయం విలువ విడివిడిగా ఉండాలి.

ఈలోగా పాపకు గుండె దడ, ఆయాసం, కళ్లు తిరగడం, కాళ్ల వాపు వంటివి కనిపిస్తే ఎమ్మారై తేదీ కోసం ఆగకుండా ఆ రోజే ఈసీజీ తీయించి డాక్టరుకు చూపించండి.