క్రైస్తవ విశ్వాసం మన ఆధునిక సంస్కృతి మీద నిజంగా ప్రభావం చూపిందా? మీ అనుభవం చెప్పగలరా?

ఆదివారం సెలవు గురించి, క్రీస్తు శకం లెక్క గురించి, యూరప్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నాకు అంత చదువు లేదు. మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె, నాలుగు తరాలుగా బాప్టిస్టులం, అంటే ప్రొటెస్టంటు క్రైస్తవుల్లో ఒక శాఖ. మా ఇంట్లో, మా మందిరంలో చూసిందే చెబుతాను.

ప్రభావం అనగానే అందరూ చూపించేది డిసెంబరు. ఇళ్ల మీద స్టార్లు, ఆఫీసుల్లో సెమీ క్రిస్మస్ పేరుతో కేకు కటింగు, నాయకుల ఫ్లెక్సీలు. అదంతా పైపై ముచ్చట. నా దృష్టిలో అసలు సంగతి వేరు. అక్షరం ముట్టనివ్వని వాళ్ల చేతికి పుస్తకం వచ్చింది, నోరెత్తకూడదన్న వాళ్లు నలుగురి ముందు లేచి మాట్లాడటం నేర్చుకున్నారు.

మా నాయనమ్మ బడి గడప తొక్కలేదు. ముప్పై ఏళ్లు దాటాక చదవడం నేర్చుకుంది. నేర్పింది పాస్టరుగారి భార్య, మావాళ్లు అమ్మగారు అనేవాళ్లు. సాయంత్రం కూలి నుంచి వచ్చిన ఆడవాళ్లను లాంతరు చుట్టూ కూర్చోబెట్టి, పలకా బలపం కాకుండా పాటల పుస్తకమే తెరిచేదట. పాటలు వాళ్లకు అప్పటికే నోటికి వచ్చు. పాడుతూ పోతుంటే అమ్మగారు వేలితో అక్షరాలు చూపిస్తూ పోయేది. ముందు పాట, వెనక అక్షరం. ఏ ట్రైనింగ్ కాలేజీలో నేర్పారో ఈ కిటుకు, నాకైతే ఇంతకన్నా మంచి పద్ధతి కనబడలేదు. నాయనమ్మ చనిపోయేదాకా అలాగే చదివింది, వేలు వరస కింద పెట్టి, కొంచెం రాగం తీస్తూ. రేషన్ కార్డు చదివినా అదే రాగం. ఒకసారి కొట్టు ఖాతాలో మా పేరు కింద రెండు కేజీల నూకలు ఎక్కువ రాసి ఉంటే, ఆ పద్దు కూడా రాగం తీసి చదివి వినిపించిందట. కొట్టాయన నవ్వలేక ఏడవలేక ఆ పద్దు కొట్టేశాడని మా నాన్న ఇప్పటికీ చెబుతాడు.

మాట్లాడటం కూడా అంతే. స్త్రీల కూడికలో ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం, అంటే దేవుడు తమకు చేసిన మేలు, చెప్పాలి. పొలంలో ఆసామి ముందు తల ఎత్తని మనిషి అక్కడ పది నిమిషాలు ఆపకుండా మాట్లాడేది. నన్నయితే ఎనిమిదేళ్లకే క్రిస్మస్ స్టేజీ ఎక్కించి 23వ కీర్తన కంఠతా చెప్పమన్నారు. సగంలో మర్చిపోయి ఏడ్చాను, అయినా పెన్సిల్ బాక్స్ ఇచ్చారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్లినా అంత టెన్షన్ మళ్లీ పడలేదు.

భాష గురించి ఒక ముచ్చట. మా బైబిలు తెలుగులో సమాధానం అంటే జవాబు కాదు, మనశ్శాంతి. హాస్టల్‌కు ఫోన్ చేసినప్పుడల్లా నాయనమ్మ "సమాధానంగా ఉన్నావా నాయనా" అని అడిగేది. పక్కనున్న ఫ్రెండు విని "ఏ ప్రశ్నకు రా?" అన్నాడు. నాకు చాలా కాలం ఆ మాట వాడాలంటే సిగ్గేసింది. ఇప్పుడు నేనే నా కూతుర్ని అలా అడుగుతున్నాను.

స్కూల్లో మమ్మల్ని "పాలపిండి కోసం మారినోళ్లు" అనేవాళ్లు. పెద్దయ్యాక మా ప్రాంతం చరిత్ర చదివితే తెలిసింది. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ, మావాళ్లకు క్లౌ దొర, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. తిండి కోసం వస్తున్నారన్న మాట పడకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇక్కడ దొర పేరే అందరూ చెబుతారు గానీ, అంతకు ముందు నుంచీ పల్లెపల్లెకూ ఈ మాట మోసింది యర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ పెద్ద. కరువు తీరిపోయాక కూడా అన్ని వేల మంది ఎందుకు నిలబడ్డారంటే, నాకు తోచిన కారణం గంజి కాదు. తమను ఒకళ్లు మనుషుల్లా పేరు పెట్టి పిలవడం.

ప్రభావం ఒకవైపు నుంచే పోలేదు, అది కూడా చెప్పాలి. మా ఆడవాళ్ల మెడలో తాళి ఉంటుంది, ఆ తాళి బిళ్ల మీద సిలువ ఉంటుంది. గుణదలలో ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకు వెళ్తే కొబ్బరికాయలు, తలనీలాలు. అది క్యాథలిక్కులది, మేం బాప్టిస్టులం కాబట్టి వెళ్లం. మా పక్కింటి పిన్నిగారు మాత్రం ఏటా వెళ్తుంది, ఆవిడ శ్రీరామనవమికి పానకం పంచే మనిషి. కోత పండుగ చూడండి, పల్లెటూరి సంతకూ మందిరానికీ తేడా తెలియదు. జనం తెచ్చిన సొరకాయలు, కోళ్లు, గుడ్లు ప్రార్థన అయ్యాక అక్కడే వేలం వేస్తారు. ఒక ఏడు మా పెరట్లో కాసిన సొరకాయనే మా నాన్న పంతానికి పాడి 300 రూపాయలకు మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాడు. అమ్మ వారం రోజులు మాట్లాడలేదు. కూర మాత్రం వండింది.

ఇక చేదు సంగతులు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడు ఎస్సీ కాడు, మన దగ్గర బీసీ-సీలో వేస్తారు. అందుకే మా పల్లెల్లో చాలామందికి రెండు పేర్లు, ఇంట్లో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి. నాకూ అంతే. మందిరంలో నన్ను పిలిచే పేరు మా ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. దీన్ని మోసం అనేవాళ్లు ఉన్నారు. మతం మారిన రోజున ఊళ్లో మా ఇల్లు ఎక్కడ ఉందో ఆ తర్వాత కూడా అక్కడే ఉంది, వాళ్లకు నా జవాబు అంతే. మాలో మాకు తేడాలు పోయాయా అంటే అదీ లేదు. ప్రభు బల్ల దగ్గర ఒకే రొట్టె తిన్నవాళ్లే మా అక్క సంబంధం దగ్గరికి వచ్చేసరికి మాలా మాదిగా అని లెక్క తీశారు. ఆ సంబంధం తప్పిపోయింది. ఆ రోజు నుంచి మా నాన్న పెద్దల కమిటీ మీటింగులకు వెళ్లడం మానేశాడు, ఆరాధనకు మాత్రం మానలేదు.

పాటల గురించి చెప్పకుండా ఆపలేను. మా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి రాసినవి చాలా ఉన్నాయి. అవి ఇంగ్లీషు పాటలకు తెలుగు మాటలు కావు, మన కీర్తనల పద్ధతిలో కట్టినవి, పల్లవి, చరణాలు అన్నీ ఉంటాయి. పాట మీద రాగం, తాళం పేరు అచ్చు వేసి ఉంటుంది. ఇప్పటి కుర్రాళ్లు కీబోర్డు, రిథమ్ ప్యాడ్ మీద పాడేస్తున్నారు, బానే ఉంటుంది, కాస్త చెవులు అదురుతాయి. పోయిన వేసవిలో నాయనమ్మ పుస్తకాన్ని మా అమ్మాయి తన కర్ణాటక సంగీతం టీచరుగారికి చూపించింది. ఆవిడ పేజీలు తిప్పి, ముఖారి రాగం అని రాసి ఉన్నదాని దగ్గర ఆగి, మీరెలా పాడతారో పాడమ్మా అన్నారు. మా అమ్మాయి నాయనమ్మ పాడినట్టే పాడింది. టీచరుగారు కళ్లు మూసుకుని చివరిదాకా విని, "చాలా బాగుంది, కానీ ఇది ముఖారి కాదు" అన్నారు.